సూయజ్ పాఠం చదివితేనే ఎర్ర సముద్రం వార్త అర్థమవుతుంది

డిగ్రీలో ‘ఆధునిక ప్రపంచ చరిత్ర’ పేపర్ అనగానే మీకు ముందు గుర్తొచ్చేది ఏంటి? చాలామందికి సంవత్సరాల చిట్టా. 1789, 1870, 1914, 1917, 1939... పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టడం, పొద్దున రాసేయడం, సాయంత్రానికి మర్చిపోవడం. రెండేళ్లు గడిచాక పోటీ పరీక్షల కోసం కూర్చుని, కరెంట్ అఫైర్స్ నోట్సులో ‘ఎర్ర సముద్రం - హూతీల దాడులు - నవంబరు 2023’ అంటూ మరో చిట్టా మొదలుపెడతారు. నిజానికి ఈ రెండూ ఒకే పాఠం.

వార్త మీకు తెలిసిందే. గాజా యుద్ధం మొదలయ్యాక యెమెన్‌లోని హూతీలు ఎర్ర సముద్రంలో వాణిజ్య నౌకలపై దాడులకు దిగారు. పెద్ద షిప్పింగ్ కంపెనీలు సూయజ్ దారి వదిలేసి, ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టూ ఓడల్ని తిప్పాయి. ప్రయాణం పది రోజుల నుంచి రెండు వారాల దాకా పెరిగింది. బీమా, రవాణా ఖర్చులూ పెరిగాయి. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరిందీ ఆఫ్రికాను చుట్టే. ఐదు వందల ఏళ్ల తర్వాత జీపీఎస్ పెట్టుకుని మళ్లీ ఆ దారే పట్టామన్నమాట!

ఇక్కడిదాకా ఎవరైనా రాస్తారు. ఆ ఇరుకు దారి ఎందుకంత ముఖ్యం, అక్కడ ఎవరి మాట చెల్లుతుంది అని అడిగితేనే చిక్కు. దానికి వెనక్కి నడవాలి.

కాలువ ఎవరిది?

సూయజ్ కాలువ 1869 నవంబరు 17న మొదలైంది. తవ్వించింది ఫ్రాన్స్‌కు చెందిన లెసెప్స్ నడిపిన కంపెనీ, చెమటోడ్చింది ఈజిప్టు రైతు కూలీలు. అప్పుల్లో మునిగిన ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ 1875లో తన 44 శాతం వాటా అమ్మకానికి పెడితే, బ్రిటన్ ప్రధాని డిజ్రేలీ 40 లక్షల పౌండ్లకు కొనేశారు. ఏడేళ్లు తిరక్కుండానే బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో దిగింది. వాళ్ల లెక్క ఒకటే: ఇండియాకు దగ్గరి దారి చేతిలో ఉండాలి. ఎర్ర సముద్రానికి దక్షిణ ద్వారం లాంటి బాబ్ ఎల్ మందెబ్ దగ్గర్లోని ఏడెన్‌ను అంతకు ముందే, 1839లోనే పట్టుకున్నారు. చాలాకాలం దాని పాలన బొంబాయి నుంచే సాగింది. ఆ ఏడెన్ ఇప్పుడు యెమెన్‌లో ఉంది. హూతీల వార్తలో మన చరిత్ర తొంగిచూసేది ఇక్కడే.

ఇప్పుడు 1956కు వద్దాం. ఆస్వాన్ ఆనకట్టకు డబ్బిస్తామన్న అమెరికా జులైలో వెనక్కి తగ్గింది. వారం తిరిగేసరికి, జులై 26న నాజర్ కాలువను జాతీయం చేశారు. కంపెనీకి 99 ఏళ్ల హక్కు 1968తో ఎలాగూ ముగిసేది. అయినా బ్రిటన్, ఫ్రాన్స్ ఆగలేదు. ఇజ్రాయెల్‌తో లోపాయికారీగా ఒప్పందం చేసుకున్నాయి. అక్టోబరు 29న ఇజ్రాయెల్ సైనాయ్‌లోకి దూకింది. శాంతి కాపాడే పేరుతో మిగతా ఇద్దరూ వచ్చిపడ్డారు. ఈజిప్టు ఓడల్ని ముంచేసి కాలువను మూసేసింది.

యుద్ధభూమిలో ఈజిప్టు గెలవలేదు. బ్రిటన్‌ను ఆపింది అమెరికా ఒత్తిడి. పౌండు విలువ పడిపోతుంటే ఐఎంఎఫ్ సాయం అందకుండా ఐసెన్‌హోవర్ ప్రభుత్వం అడ్డుపడింది. నవంబరు 6 అర్ధరాత్రికి కాల్పులు ఆగాయి. జనవరిలో ప్రధాని ఈడెన్ రాజీనామా చేశారు. సివిల్స్ మెయిన్స్‌లో 2014లో అడిగింది దీని గురించే: సూయజ్ సంక్షోభానికి దారితీసిన ఘటనలేంటి, ప్రపంచ శక్తినన్న బ్రిటన్ భావనను అది చివరిగా ఎలా దెబ్బతీసింది అని. తేదీలు వరసగా పేర్చినవాళ్లు మొదటి సగానికే జవాబు రాసినట్టు. రెండో సగానికి పౌండు సంగతి కావాలి.

ఒకే వారం, రెండు దాడులు

ఇదే వారంలో, నవంబరు 4న, సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లో తిరుగుబాటును అణిచేశాయి. పాఠ్యపుస్తకాల్లో సూయజ్ ఒక యూనిట్‌లో, హంగరీ ఇంకో యూనిట్‌లో ఉంటాయి కాబట్టి ఈ రెంటినీ మనం కలిపి చూడం. అప్పటి భారత్ మాత్రం కలిపి చూడక తప్పలేదు. సూయజ్ దాడిని నెహ్రూ గట్టిగా ఖండించారు. ఐరాస పంపిన శాంతి దళంలో మన సైనికులూ ఉన్నారు. హంగరీ మీద మాత్రం మొదట్లో మెతగ్గా మాట్లాడారన్న విమర్శ దేశంలోనే వచ్చింది. 2022లో ఉక్రెయిన్‌పై ఐరాసలో భారత్ ఓటింగుకు దూరంగా ఉన్నప్పుడు జరిగిన చర్చ గుర్తుందా? ఇంటర్వ్యూలో ‘మన వైఖరి సరైందేనా’ అని అడిగితే 1956 తెలిసినవాళ్ల దగ్గర ఆలోచించడానికి ఓ పాత ఉదాహరణ ఉంటుంది. సమర్థించండి, విమర్శించండి, అది మీ ఇష్టం.

అయితే పోలిక దొరికింది కదా అని అతికించేయకండి. చాలా జవాబులు ఇక్కడే దెబ్బతింటాయి. 1956లో గొడవ దేశాల మధ్య, కాలువ యాజమాన్యం గురించి. ఇప్పుడు యాజమాన్యంపై వివాదమే లేదు. ఓ సాయుధ ముఠా, కాలువకు దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉండి దాన్ని ఖాళీ చేయించింది. 2023 డిసెంబరులో అమెరికా నాయకత్వంలో యుద్ధనౌకలు కాపలాకు దిగినా షిప్పింగ్ కంపెనీలు వెంటనే వెనక్కి రాలేదు. అన్నిటికన్నా విచిత్రం, నష్టపోయింది ఈజిప్టు. 2024లో కాలువ ఆదాయం సగానికి పైగా పడిపోయింది. నాజర్ దేనికోసం అంత తెగించారో ఆ టోల్ డబ్బే అది.

మన దగ్గరికి వస్తే, ఐరోపాకు, అమెరికా తూర్పు తీరానికి వెళ్లే ఆంధ్రా రొయ్యల కంటెయినర్లకూ ఇదే దారి. దూరం పెరిగితే భీమవరం చెరువు గట్టు మీద ధర గురించి బెంగ మొదలవుతుంది. ఎకానమీ ప్రశ్నకూ ఈ పాఠం పనికొస్తుందని వేరే చెప్పాలా?

ఈ ఆదివారం ఇంకోటి మీరే ప్రయత్నించండి. పనామా కాలువను వెనక్కి తీసుకుంటామని ట్రంప్ 2025లో అన్నారు. మ్యాపు ముందు పెట్టుకుని అక్కణ్నుంచి వెనక్కి రండి: 1999 అప్పగింత, 1977 ఒప్పందాలు, 1914 ప్రారంభం, 1903లో కొలంబియా నుంచి పనామా విడిపోవడం. ప్రతి మెట్టు దగ్గరా ఎవరికి లాభం, డబ్బు ఎవరిది అని ఒక్క వాక్యం రాయండి. చివర్లో సూయజ్‌తో ఎక్కడ కలవడం లేదో ఓ పేరా. 250 పదాలు దాటొద్దు.