తప్పెవరిదని అడగవద్దు

పండుగ సంచికలో విడాకుల మాటేమిటని నొచ్చుకోకండి. మాకు తెలిసిన ఒక అమ్మాయికి మళ్ళీ పెళ్ళి కుదిరింది. పెళ్ళి జరిపించే సెలబ్రెంట్ పాత విడాకుల పత్రం అడిగారు. అది జనన, మరణ, వివాహ రిజిస్ట్రీలో దొరకదని తెలియక, మనవాళ్ళను అడగడానికి సిగ్గుపడి, ఒంటరిగా తిరిగింది.

1976 జనవరి 5న కుటుంబ చట్టం అమలులోకి వచ్చాక మంజూరైన విడాకులకు ఫ్యామిలీ కోర్టునే అడగాలి. ఇటీవలివైతే కామన్వెల్త్ కోర్ట్స్ పోర్టల్‌లోనే తీసుకోవచ్చు. అంతకు ముందువాటికి ఆయా రాష్ట్రాల సుప్రీంకోర్టును అడగాలి. మంజూరైన నెలా ఒక రోజుకు గాని సాధారణంగా విడాకులు అమలుకు రావు. ఆలోగా ముహూర్తం పెట్టుకోకండి.

పత్రాన్ని పాస్‌పోర్టుతోపాటు భద్రపరచుకోండి. అడిగినవారికి దారి చూపుదాం. తప్పెవరిదని ఈ దేశపు చట్టమే అడగదు. మనమెందుకు అడగాలి?