హీరోని ఇచ్చేసి కుర్రాణ్ని తెచ్చుకుంటే..

ఒక్కసారి ఊహించుకోండి. ఐపీఎల్ సగం అయింది. మన జట్టు వరసగా ఓడుతోంది. ప్లేఆఫ్స్ ఆశ దాదాపు పోయింది. సాయంత్రం చాయ్ తాగుతుంటే ఫోన్ టింగుమంది. చూస్తే, మనకి కప్పు తెచ్చిపెట్టిన ఓపెనర్‌ని వేరే జట్టుకి ఇచ్చేశారు! రేపటి నుంచే అతను వాళ్ల జెర్సీలో ఆడతాడు. బదులుగా మనకి ఎవరొచ్చారయ్యా అంటే, పంతొమ్మిదేళ్ల కుర్రాడు. పేరు ఎప్పుడూ విన్లేదు. పైగా భుజానికి ఆపరేషనై కూర్చున్నాడు.

మీరైతే ఏం చేస్తారు? ఆ రాత్రి నిద్రపోతారా?

మనకిది ఊహ. అమెరికా బేస్‌బాల్ అభిమానికి ఏటా జులై నెలాఖరులో వచ్చే తలనొప్పి. మేజర్ లీగ్‌లో 30 జట్లుంటాయి. ఒక్కో జట్టూ 162 మ్యాచ్‌లు ఆడాలి. సీజన్ సగం దాటాక ఆటగాళ్లని మార్చుకోవడానికి ఓ ఆఖరి గడువుంటుంది. అదే ట్రేడ్ డెడ్‌లైన్. ఆ టైమ్‌కి జట్లు రెండు రకాలుగా చీలిపోతాయి. ఈ ఏడాదే కప్పు కొట్టగలం అనుకునేవాళ్లకి అనుభవం ఉన్న సీనియర్లు కావాలి, అదీ ఇప్పుడే. ఇక మన వల్ల కాదు అనుకునేవాళ్లు ఆ సీనియర్లని ఇచ్చేసి, ఇంకా కింది లీగుల్లో ఎదుగుతున్న కుర్రాళ్లని తీసుకుంటారు. ఈ కుర్రాళ్లని ప్రాస్పెక్ట్స్ అంటారు. ఇలా జట్టుని పునాదుల నుంచి మళ్లీ కట్టుకోవడమే రీబిల్డ్.

అంటే పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోవడం లాంటిది. ఇల్లు లేచేదాకా ఎక్కడో అద్దెకుండాలి కదా. రీబిల్డ్‌లో ఆ అద్దె కట్టేది ఓనర్ కాదు, అభిమాని. ఎలాగో చెప్తాను, చికాగో కబ్స్ కథ వినండి.

ఒక్క రోజులో ముగ్గురు

కబ్స్ 1908లో వరల్డ్ సిరీస్ గెలిచింది. మళ్లీ గెలవడానికి 108 ఏళ్లు పట్టింది. తాత చూడలేదు, నాన్న చూడలేదు, చివరికి మనవడు చూశాడు. 2016 నవంబర్ 2 రాత్రి, క్లీవ్‌లాండ్‌లో ఏడో మ్యాచ్. అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్లింది, మధ్యలో వాన. ఆఖరి బంతి నేలమీద దొర్లుతూ వస్తే క్రిస్ బ్రయంట్ అందుకుని ఫస్ట్ బేస్‌లో ఉన్న ఆంథొనీ రిజ్జోకి విసిరాడు. రిజ్జో పట్టుకున్నాడు. ఆ బంతిని వెనక జేబులో దాచుకుని గంతులేశాడు. ఆ జట్టులో వాళ్లకి తోడు మూడో ముద్దుబిడ్డ హవియర్ బాయెజ్.

ఇప్పుడు 2021కి రండి. జూన్ 24న కబ్స్ వాళ్ల డివిజన్‌లో మరో జట్టుతో సమంగా టాప్‌లో ఉంది. ఆ రోజు నలుగురు బౌలర్లు కలిసి డాడ్జర్స్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఆ మర్నాటి నుంచి వరసగా 11 ఓటములు! కథ అక్కడే తిరగబడింది. జులై 29న రిజ్జో యాంకీస్‌కి వెళ్లాడు. 30న బాయెజ్ మెట్స్‌కి, బ్రయంట్ జెయింట్స్‌కి. 108 ఏళ్ల కరువు తీర్చిన ముగ్గురూ దాదాపు ఒక్క రోజులో మాయం. వార్త తెలిశాక డగౌట్‌లో బ్రయంట్ కళ్లు తుడుచుకోవడం టీవీలో అందరూ చూశారు.

బాయెజ్‌కి బదులుగా వచ్చిన కుర్రాడే మనం మొదట్లో ఊహించుకున్న పంతొమ్మిదేళ్లవాడు. పేరు పీట్ క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్. మెట్స్ కింది స్థాయి జట్టులో ఆ ఏడాది ఆరు మ్యాచ్‌లు ఆడి భుజం పాడుచేసుకున్నాడు.

లెక్క వర్సెస్ మనసు

ఇలాంటి రోజున ఫ్యాన్స్ రెండు ముక్కలవుతారు. ఏ జట్టయినా, ఏ ఏడాదయినా వాదన ఇదే.

లెక్క చూసేవాళ్లది ఒక పక్షం. ముగ్గురి కాంట్రాక్టులూ ఆ సీజన్‌తో అయిపోతున్నాయి. పొడిగింపు మీద మాటలు జరిగాయి, కుదర్లేదు. అక్టోబర్ దాకా ఉంచుకుంటే ఓ రెండు నెలల ఆట, ఆ తర్వాత టాటా. మహా అయితే డ్రాఫ్ట్‌లో ఓ అదనపు అవకాశం దక్కుతుంది. ఇప్పుడే ఇచ్చేస్తే చేతికి ఏదో ఒకటి వస్తుంది. పోయే బస్సుని పట్టుకుని వేలాడ్డం కన్నా టికెట్ డబ్బులు వెనక్కి తీసుకోవడం నయం కదా అంటారు వీళ్లు.

మనసు పక్షం వాళ్లు ఒప్పుకోరు. కబ్స్ పేద జట్టేం కాదు. లీగ్‌లో అత్యంత విలువైన జట్లలో ఒకటి. వాళ్ల రిగ్లీ ఫీల్డ్‌లో టికెట్ల రేట్లూ ఘనమే. అంత డబ్బున్నోళ్లకి ముగ్గురిలో ఒక్కణ్నయినా నిలుపుకోవడం కష్టమా? ఈ ప్రశ్నకి బలం ఇచ్చే పాత కథ కూడా ఒకటుంది. ఆరేళ్ల సర్వీసు పూర్తయితేనే ఆటగాడికి నచ్చిన జట్టుకి వెళ్లే స్వేచ్ఛ. ఏడాది అంటే 172 రోజులు. 2015లో బ్రయంట్‌ని సీజన్ మొదలైన కొన్నాళ్లకి, ఏప్రిల్ 17న పైకి తెచ్చారు. సీజన్ చివర్లో లెక్కేస్తే అతనికి 171 రోజులు. ఒక్కటంటే ఒక్క రోజు తక్కువ! దాంతో జట్టుకి అతని మీద ఇంకో ఏడాది హక్కు దక్కింది. బ్రయంట్ ఫిర్యాదు చేశాడు, ఓడిపోయాడు. అంత లెక్కగా దక్కించుకున్న ఏడాది సగంలోనే అతన్ని పంపించేశారు.

ఈ నొప్పి మన హైదరాబాద్ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చింది డేవిడ్ వార్నర్. ఆ సీజన్‌లో 848 పరుగులు. అదే 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, తర్వాత తుది జట్టులో చోటూ పోయింది, ఆఖరికి జట్టే వదిలేసింది. కాకపోతే మనకి బదులుగా కుర్రాడెవరూ రాలేదు. వేలంలో ఖర్చుపెట్టుకోవడానికి డబ్బులు మిగిలాయంతే. కబ్స్ అభిమానికి కనీసం తిట్టుకోవడానికో, ఎదురుచూడ్డానికో ఒక పేరుంది.

ఆ హీరోలు ఎక్కణ్నుంచి వచ్చారు?

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. కోపంలో ఉన్నప్పుడు అభిమాని మర్చిపోయే పేజీ ఇది.

2011 చివర్లో థియో ఎప్‌స్టీన్ కబ్స్ పగ్గాలు పట్టాడు. మరుసటి ఏడాది ఆ జట్టు 101 మ్యాచ్‌లు ఓడింది. అదీ రీబిల్డే. 2012 జులైలో సీనియర్ బౌలర్ ర్యాన్ డెంప్‌స్టర్‌ని టెక్సస్‌కి ఇచ్చి ఓ కుర్ర బౌలర్ని తెచ్చారు, కైల్ హెండ్రిక్స్. 2013 జులైలో స్కాట్ ఫెల్డ్‌మన్‌ని బాల్టిమోర్‌కి ఇస్తే, అక్కడ కుదురుకోలేకపోయిన జేక్ అరియెటా వచ్చాడు. 2014 జులైలో ఇద్దరు మంచి బౌలర్లని ఓక్లాండ్‌కి ఇచ్చి అడిసన్ రసెల్‌ని తీసుకున్నారు. అసలు రిజ్జో కూడా 2012 జనవరిలో ట్రేడ్‌లో వచ్చినవాడే.

2016 వరల్డ్ సిరీస్ చూడండి. రెండో మ్యాచ్, ఆరో మ్యాచ్ గెలిపించిన బౌలర్ అరియెటా. ఆరో మ్యాచ్‌లో గ్రాండ్‌స్లామ్ బాదింది రసెల్. ఏడో మ్యాచ్‌లో కబ్స్ తరఫున మొదటి బంతి వేసింది హెండ్రిక్స్. ఆఖరి బంతి పట్టింది రిజ్జో.

అంటే ఆ కప్పు మొత్తం పాత వీడ్కోళ్ల మీద కట్టిందే. డెంప్‌స్టర్ వెళ్లినరోజు బాధపడినవాళ్లు ఉన్నారు. హెండ్రిక్స్ ఎవరో అప్పుడు చాలామందికి తెలీదు. మనం ప్రాణం పెట్టుకున్న హీరో కూడా ఒకప్పుడు ఇంకొకరికి బదులుగా వచ్చిన పేరు తెలియని కుర్రాడే.

దీనికి రివర్స్ కూడా ఉంది. 2016 జులైలో కప్పు కోసం అరోల్డిస్ చాప్‌మన్‌ని తెచ్చుకుని గ్లేబర్ టోరెస్ అనే కుర్రాణ్ని, ఇంకో ముగ్గుర్ని యాంకీస్‌కి ఇచ్చారు. టోరెస్ అక్కడ స్టార్ అయ్యాడు. అయినా కప్పు వచ్చింది కాబట్టి చికాగోలో పెద్దగా బాధ లేదు. 2017లో హొసే కింటానా కోసం ఎలోయ్ హిమెనెజ్, డిలన్ సీస్ లాంటి కుర్రాళ్లని అదే ఊరి వైట్ సాక్స్‌కి ఇచ్చారు. ఈసారి కప్పు రాలేదు. సీస్ మాత్రం పెద్ద బౌలర్ అయ్యాడు. ఇలా కుర్రాళ్లందర్నీ ఖర్చుపెట్టేసరికి 2021కి గూట్లో పిల్లలు లేరు, ఉన్న పెద్దలు ఎగిరిపోయే టైమైంది. నన్నడిగితే తప్పు జులై 30న జరగలేదు. దానికి నాలుగేళ్ల ముందు నుంచే జరుగుతూ వచ్చింది.

మరి లెక్క తేలిందా?

కొంత తేలింది. ముగ్గురికి బదులుగా ఐదుగురు కుర్రాళ్లొచ్చారు. వాళ్లలో ఇప్పటికి గట్టిగా నిలబడింది ఒక్కడే, ఆ భుజం ఆపరేషన్ కుర్రాడు. క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్ 2025లో 31 హోమ్ రన్లు కొట్టి 35 బేసులు దొంగిలించాడు. కబ్స్ చరిత్రలో సామీ సోసా తర్వాత ఒకే సీజన్‌లో రెండూ 30 దాటించింది ఇతనే. ఆ ఏడాది కబ్స్ 92 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది.

అటు మెట్స్? బాయెజ్‌ని తెచ్చుకుని కూడా 2021లో ప్లేఆఫ్స్ చేరలేదు. రెండు నెలల కోసం ఎన్నో ఏళ్లు ఇచ్చేసుకున్నారు. బ్రయంట్‌తో కొలరాడో ఏడేళ్లకి 182 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుంది. గాయాలు వదల్లేదు. మొదటి నాలుగు సీజన్లలో కలిపి అతను ఆడింది 170 మ్యాచ్‌లు. అలాగని బాయెజ్ పని అయిపోయిందనుకోకండి. 2025 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఒక జట్టుకి బాయెజ్, ఎదుటి జట్టుకి క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి బంతి నుంచే బరిలో ఉన్నారు. ఒకరికి బదులుగా ఒకరు వెళ్లిన ఇద్దరూ ఒకే గ్రౌండ్‌లో!

అయితే లెక్క పక్షం వాళ్లు అప్పుడే కాలర్ ఎగరేయొద్దు. అదే ఊళ్లో వైట్ సాక్స్ ఉంది కదా. 2016 డిసెంబర్లో క్రిస్ సేల్‌ని, 2017లో కింటానాని ఇచ్చి కుర్రాళ్లని కుప్పగా పోగేసింది. కింటానా ట్రేడ్‌లో గెలిచింది వాళ్లేనని అందరూ ఒప్పుకుంటారు. 2020, 2021ల్లో ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, మొదటి మెట్టులోనే వెనక్కొచ్చారు. 2024లో 121 మ్యాచ్‌లు ఓడారు. 1900 తర్వాత ఏ జట్టూ ఒక్క సీజన్‌లో అన్ని ఓడలేదు. ట్రేడ్ గెలిచారు, రీబిల్డ్ ఓడారు. ఇటుకలు తెచ్చినంత మాత్రాన ఇల్లు లేవదు. మేస్త్రి కావాలి, సిమెంటు కావాలి. టైమొచ్చినప్పుడు జేబులోంచి డబ్బు తియ్యాలి.

మరి అద్దె సంగతి?

ఇప్పుడు మళ్లీ మొదటికి వద్దాం. కబ్స్ 2021 జులై నుంచి 2025 ప్లేఆఫ్స్ దాకా పట్టిన కాలం నాలుగేళ్ల పైమాటే. ఆ నాలుగేళ్లూ ఎవరి జీతాలూ ఆగలేదు, టీవీ ఒప్పందాలూ ఆగలేదు. ఓడే జట్టుని చూడ్డానికి టికెట్ కొన్నవాడు, పదేళ్ల కూతురికి "వీడెవరు నాన్నా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పుకున్నవాడు, వాడే అద్దె కట్టాడు. అందుకే ఫ్యాన్ కోప్పడితే "నీకు బిజినెస్ తెలీదు" అనడం నాకు నచ్చదు. అతనికి బిజినెస్ తెలుసు. అందులో తన వాటా ఏంటో కూడా తెలుసు.

నా తీర్పు అడిగితే, ఆ జులైలో ఇచ్చేయడం కరెక్టే. చేతులు ఖాళీ అయ్యాక ఇంకో దారి లేదు. చేతులు అంతగా ఖాళీ అయ్యేదాకా తెచ్చుకోవడం మాత్రం కరెక్ట్ కాదు. లెక్క ఎవరైనా నేర్చుకోవచ్చు. 108 ఏళ్లు ఎదురుచూసిన జనానికి ముగ్గురిలో ఒకణ్నయినా మిగిల్చి ఉండాల్సింది. జట్టుని ప్రేమించు, మనిషిని కాదు అని చెప్పడం తేలిక. రంగుగుడ్డని ఎవరు ప్రేమిస్తారండీ? ఆ గుడ్డ తొడుక్కున్న మనిషి వల్లే కదా అది జెర్సీ అయింది.

చివరగా ఒక సీన్ చెప్పి ఆపేస్తా. 2025 సెప్టెంబర్ 13. రిటైర్మెంట్ ప్రకటించిన రిజ్జోని కబ్స్ మళ్లీ రిగ్లీ ఫీల్డ్‌కి పిలిచి సన్మానించింది. అతను వెళ్లి గ్యాలరీలో జనం మధ్య కూర్చున్నాడు. కబ్స్ కుర్రాడు మొయిసెస్ బయెస్తెరోస్ బ్యాట్ ఊపాడు. మేజర్ లీగ్‌లో అతని మొట్టమొదటి హోమ్ రన్. బంతి గాల్లో లేచి, అంత పెద్ద గ్రౌండ్‌లో ఎక్కడికీ కాకుండా నేరుగా రిజ్జో దగ్గరికే వచ్చింది. 108 ఏళ్ల కరువు తీర్చిన ఆఖరి బంతిని పట్టిన చేతులు ఈ బంతిని జారవిడిచాయి. స్టేడియం అంతా పకపకా నవ్వింది. రిజ్జో కూడా.