సభ దగ్గరయింది, మరి మనం?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ళ నుంచి చూస్తే శాసనసభ ఎప్పుడూ ఒకచోట నిలవలేదు. 1953 దాకా అది మద్రాసులో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక గుడారాల రాజధాని కర్నూలుకి వెళ్ళింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు చేరింది. అప్పటి నుంచి అరవయ్యేళ్ళు మన ఊళ్ళ వాళ్ళు అర్జీలు పట్టుకుని హైదరాబాదు బస్సులెక్కారు. 2017 నుంచి సభ వెలగపూడిలో జరుగుతోంది. కృష్ణ దాటితే చాలు. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

చట్టాలు చేసే చోటు ఇంత దగ్గరకొచ్చింది. మరి ఆ చట్టాల కింద బతికే స్త్రీలు సభకి ఎంత దగ్గరయ్యారు? ఈ దూరాన్ని రోడ్డు మైళ్ళతో కొలవలేం. పార్టీలు ప్రకటించే అభ్యర్థుల జాబితాలతో కొలవాలి.

మన రెండు నియోజకవర్గాల లెక్కే తీసుకుందాం. 1985 నుంచి 2024 దాకా తొమ్మిది సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. జగ్గయ్యపేటలో ఆ తొమ్మిదిసార్లూ ముగ్గురే గెలిచారు: నెట్టెం రఘురాం, సామినేని ఉదయభాను, శ్రీరాం రాజగోపాల్, ఒక్కొక్కరు మూడేసిసార్లు. ముగ్గురూ పురుషులే. నందిగామలో 2014లో గెలిచిన తంగిరాల ప్రభాకరరావు కొద్ది రోజులకే మరణించడంతో ఉప ఎన్నిక వచ్చింది. ఆయన కుమార్తె తంగిరాల సౌమ్య గెలిచారు. 2019లో ఓడిపోయి, 2024లో మళ్ళీ గెలిచారు. రెండు నియోజకవర్గాలూ కలిపి పద్దెనిమిది సార్వత్రిక ఫలితాల్లో స్త్రీ పేరు ఒక్కసారే కనిపిస్తుంది. మిరప కోతలకీ పత్తి తీతలకీ ఆడకూలీలు లేకపోతే పొద్దు గడవని ప్రాంతంలో నలభయ్యేళ్ళ లెక్క ఇది.

సౌమ్య విషయాన్ని కాస్త ఆగి చూడాలి. ఆమెకి తలుపు తెరిచింది తండ్రి మరణం. విజయవాడ తూర్పులో 1989, 1994 ఎన్నికల్లో గెలిచిన వంగవీటి రత్నకుమారి కూడా భర్త రంగా హత్య తర్వాతే రాజకీయాల్లోకి వచ్చారు. ఇంటి మగవాడు పోయాక ఖాళీ అయిన కుర్చీలో భార్యనో కూతుర్నో కూర్చోబెట్టడం మన పార్టీలకి అలవాటు. అలా వచ్చిన స్త్రీలని తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. ఓడిపోయాక కూడా నిలబడి తిరిగి గెలవడం సానుభూతి వల్ల జరిగే పని కాదు. మన ప్రశ్న పార్టీలకి. పుట్టెడు దుఃఖం వచ్చిన ఇంటి ఆడమనిషి తప్ప, పదేళ్ళు ప్రజల్లో పనిచేసిన స్త్రీ మీ కంటికి ఎందుకు కనిపించదు?

ఈ సభ చరిత్రని వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. స్త్రీలకి అక్కడ దొరికిన ప్రతి అంగుళం బయట స్త్రీలు అడిగాక దొరికిందే. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1921లో అక్కడి శాసనమండలి స్త్రీలకి ఓటు మీదున్న అడ్డంకి తీసేసింది. అయితే ఆ ఓటు ఆస్తి ఉన్నవాళ్ళకే. 1927లో ముత్తులక్ష్మీరెడ్డి ఆ మండలి ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీ ఆచారాన్ని రద్దు చెయ్యాలని సభలో పట్టుబట్టారు. పూర్తి నిషేధ చట్టం 1947లో గాని రాలేదు. సభలో ఒక స్త్రీ గొంతెత్తడానికీ చట్టం రావడానికీ మధ్య ఇరవయ్యేళ్ళు పట్టింది. 1935 చట్టం కింద 1937లో జరిగిన ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 215 స్థానాలుంటే స్త్రీలకి 8 కేటాయించారు. ఆ సభలోనే రుక్మిణీ లక్ష్మీపతి ఉపసభాపతి అయ్యారు. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో ఆరోగ్య శాఖ చేపట్టారు.

స్వాతంత్ర్యం తర్వాత ఆ ప్రత్యేక స్థానాలు పోయాయి. అప్పటి మహిళా సంఘాలే వాటిని వద్దన్నాయి. వయోజనులందరికీ ఓటు వస్తే చాలు, సమానంగా పోటీ పడి గెలుస్తామన్నది వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని పార్టీలు నిలబెట్టలేదు. 1974లో వచ్చిన 'సమానత్వం వైపు' నివేదికలో కూడా కమిటీలో ఎక్కువమంది చట్టసభల్లో రిజర్వేషన్లు వద్దనే అన్నారు. వీణా మజుందార్, లోతికా సర్కార్ మాత్రం తమ అసమ్మతిని రాతపూర్వకంగా నమోదు చేశారు. కాలం వాళ్ళ మాటనే నిజం చేసింది.

ఈ మధ్యలో సభ ఆకారం ఎన్నోసార్లు మారింది. ఆంధ్ర సభ్యులు 196 మంది, తెలంగాణ సభ్యులు 105 మంది కలిసి 301 మందితో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొదలైంది. ఆ సంఖ్య 300కీ, 287కీ, చివరికి 294కీ మారింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇక్కడ 175, తెలంగాణలో 119 అయ్యాయి. 1958లో వచ్చిన శాసనమండలిని 1985లో రద్దు చేశారు. 2007లో మళ్ళీ తెచ్చారు. 2020లో మళ్ళీ రద్దు చెయ్యాలని తీర్మానించి, 2021లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రాంతాల వాటా కోసం, పార్టీల బలాబలాల కోసం సభని ఎన్నిసార్లయినా విప్పి కుట్టుకోవచ్చు. స్త్రీల వాటా అడిగితే మాత్రం రాజ్యాంగం, సంప్రదాయం, సమర్థత అన్నీ గుర్తుకొస్తాయి.

స్త్రీలు సభలో ఉంటే ఒరిగేదేమిటని అడిగేవాళ్ళుంటారు. కంచికచర్ల ఒక జవాబు చెబుతుంది. 1968లో ఆ ఊళ్ళో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. ఆ ఘోరాన్ని శాసనసభలో నిలదీసినవాళ్ళలో ఈశ్వరీబాయి ముందున్నారు. ఆమెది మన జిల్లా కాదు. 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున నిజామాబాదు జిల్లా ఎల్లారెడ్డి నుంచి గెలిచిన దళిత స్త్రీ. కృష్ణా జిల్లా మెట్టలో కాలిపోయిన ఒక పాలేరు పిల్లవాడి కోసం ఎక్కడో ఎల్లారెడ్డి నుంచి వచ్చిన స్త్రీ మాట్లాడవలసి వచ్చింది. ప్రాతినిధ్యం అంటే హాజరు పట్టీలో పేరు కాదని మనకి నేర్పిన సందర్భం అది.

ఆమె ఒంటరిది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం నుంచి వచ్చిన ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి మూడుసార్లు గెలిచారు. టి.ఎన్. సదాలక్ష్మి ఉపసభాపతిగా, మంత్రిగా పనిచేశారు. 1999లో ప్రతిభాభారతి సభాపతి పీఠమెక్కిన మొదటి స్త్రీ అయ్యారు. వీళ్ళలో దళిత స్త్రీలు ఎంతమంది ఉన్నారో గమనించండి. ఆ తలుపు తెరవడంలో షెడ్యూల్డు కులాల రిజర్వు స్థానాల పాత్ర ఎంతో ఉంది. కేటాయింపు ఉన్న చోట సమర్థులు దొరకరన్న వాదానికి ఈ పేర్లే సమాధానం.

రెండో జవాబు మన పొలాల్లో ఉంది. ఆడపిల్లకి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1986 నాటి ఆ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశంలో ఇలాంటి సవరణ తెచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. గర్వపడవలసిన విషయమే. కాని ఆ చట్టంలో ఒక చిన్న మెలిక పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి ఈ హక్కు లేదు.

ఆ ఒక్క వాక్యం ఎంతమంది కడుపు కొట్టిందో సాగర్ ఎడమ కాలువ కింద ఊళ్ళు తెలిసిన వాళ్ళకి చెప్పనక్కరలేదు. కాలువ నీళ్ళొచ్చాక చేను విలువ పెరిగింది. ఒకే ఇంట్లో అక్కకి పసుపు కుంకుమ, చెల్లెలికి చట్టం. అక్క చేసిన తప్పల్లా చెల్లెలి కంటే ముందు పుట్టడం, పదహారో ఏట తలవంచి తాళి కట్టించుకోవడం. భర్త వదిలేస్తే పుట్టింటి వసారాలో అన్నదమ్ముల దయ మీద బతకవలసింది ఆ అక్కే. ఆ రోజు సభలో సగం మంది స్త్రీలే అయితే, తామూ పెళ్ళయిన కూతుళ్ళే అయితే, ఆ మెలిక అంత సులువుగా పడి ఉండేదా? 2005లో కేంద్ర చట్టం వచ్చేదాకా అది కొనసాగింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు తేల్చింది 2020లో. పంపకాలు ఎప్పుడో అయిపోయిన ఇళ్ళల్లో ఈ తీర్పులు ఎవరికి అన్నం పెడతాయి?

మూడో జవాబు సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన పోరాటం రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు ప్రభుత్వాల మెడలు వంచారు. మూడేళ్ళు తిరక్కుండానే, 1997లో, ఖజానా పేరు చెప్పి మద్య నిషేధాన్ని ఎత్తేశారు. పోరాడి తెచ్చిన స్త్రీలు వీధిలో ఉన్నారు. తీసేసే నిర్ణయం జరిగే చోట వాళ్ళు లేరు. వీధిలో గెలిచింది సభలో ఎలా పోతుందో ఆ అనుభవం చెప్పినంత బాగా మరేదీ చెప్పదు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి? 2024లో ఎన్నికైన 175 మందిలో స్త్రీలు 22 మంది. ఎనిమిది మందిలో ఒకరు. 2023లో తెలంగాణలో గెలిచిన స్త్రీలు 119 మందిలో 10 మంది. 1937లో మద్రాసు సభలో కేటాయించిన 8 స్థానాల నుంచి ఇక్కడికి రావడానికి దాదాపు తొంభయ్యేళ్ళు పట్టింది.

మూడో వంతు స్థానాల బిల్లు 1996 సెప్టెంబరులో మొదటిసారి పార్లమెంటు ముందుకొచ్చింది. 2010లో రాజ్యసభ గడప దాటి లోక్‌సభలో ఆగిపోయింది. చివరికి 2023లో రాజ్యాంగానికి 106వ సవరణగా వచ్చింది. కాని జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని అందులో రాశారు. ఇరవై ఏడేళ్ళు ఆపినవాళ్ళు ఇచ్చేటప్పుడు కూడా తేదీ వేయలేదు.

ఆ సవరణలో మనం గట్టిగా అడగవలసిన సంగతులు ఇంకా ఉన్నాయి. షెడ్యూల్డు కులాల, తెగల స్థానాల్లో మూడో వంతు ఆ వర్గాల స్త్రీలకే ఇస్తామన్నారు. నందిగామ 2009 నుంచి ఎస్సీ రిజర్వు స్థానం కాబట్టి ఇది మనకి దగ్గరి విషయం. వెనకబడిన కులాల స్త్రీలకి మాత్రం విడిగా వాటా లేదు. మన ప్రాంతంలో మగ్గం మీదా, మేకల వెంటా, బట్టల మూట కిందా బతుకు వెళ్ళదీసే స్త్రీలంతా ఎక్కడికి పోవాలి? మూడో వంతు వచ్చాక అది నాలుగు పెద్ద కుటుంబాల కోడళ్ళతో నిండిపోతే మనం అడిగింది అదేనా?

శాసనమండలిని ఈ సవరణ అసలు ముట్టుకోలేదు. మన మండలిలోని 58 స్థానాల్లో 20 స్థానిక సంస్థల నుంచి వస్తాయి. వాటికి ఓటేసేది మండల, జిల్లా పరిషత్ సభ్యులు, పురపాలక సభ్యులు. 2011 నుంచి స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవే. అంటే ఆ ఓటర్లలో సగం మంది స్త్రీలే. ఓటేసేవాళ్ళు సగం, ఎన్నికయ్యేవాళ్ళు నామమాత్రం. దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కరలేదు, పార్టీలు టిక్కెట్టు ఇస్తే చాలు.

పంచాయతీల అనుభవాన్ని మనం దాచుకోనక్కరలేదు. స్త్రీ సర్పంచైతే కుర్చీలో భర్త కూర్చోవడం, తీర్మానాల పుస్తకం ఇంటికి తెచ్చి సంతకం పెట్టించుకోవడం అందరూ చూసిందే. అయితే మొదటి విడతలో తలదించుకుని సంతకం పెట్టిన స్త్రీలే తర్వాత బిల్లు చదివాకే సంతకమన్నారు. మంచినీటి పథకం గురించి, రేషన్ డిపో గురించి అధికారుల్ని నిలదీశారు. ఇంతలో రిజర్వేషన్ మారుతుంది, ఆమె మళ్ళీ ఇంటికో కూలికో వెళ్ళిపోతుంది. నేర్చుకున్నదంతా అక్కడే ఆగిపోతుంది. సమర్థులైన స్త్రీలు లేరని పార్టీలు అనేది సరిగ్గా వీళ్ళని పక్కన పెట్టాకనే.

అందుకే మన పని ఎన్నికల ప్రకటన వచ్చాక మొదలు కాకూడదు. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు. ఈ ఏడు మండలాల్లో ఇప్పటిదాకా సర్పంచులుగా, వార్డు సభ్యులుగా, మండల పరిషత్ సభ్యులుగా పనిచేసిన స్త్రీల పేర్లు ఊరూరా రాసుకుందాం. వాళ్ళని ఒకచోట కూర్చోబెడదాం. పదవిలో ఏం చేశారో, ఎక్కడ అడ్డుపడ్డారో వాళ్ళ నోటితోనే విందాం. బడ్జెట్ చదవడం, సభా నియమాలు తెలుసుకోవడం అందరం కలిసి నేర్చుకుందాం. వెలగపూడి దగ్గరే కనుక సమావేశాలు జరిగే రోజుల్లో జట్లుగా వెళ్ళి సందర్శకుల గ్యాలరీలో కూర్చుని మన పేరు మీద ఏం మాట్లాడుతున్నారో చూసి వద్దాం.

ఆ పేర్ల పట్టీ పట్టుకుని ప్రతి పార్టీ కార్యాలయానికీ వెళ్దాం. సమర్థులైన స్త్రీలు ఎక్కడున్నారని అడిగితే ఊరితో సహా చూపిద్దాం. మూడో వంతు స్థానాల అమలు తేదీ చెప్పమని, వెనకబడిన కులాల స్త్రీల వాటా తేల్చమని, మండలికీ ఇది వర్తింపజేయమని అడుగుదాం. చట్టం వచ్చేదాకా ఆగకుండా ఈ ఎన్నికల నుంచే టిక్కెట్లివ్వమని అడుగుదాం. ఈ పనికి ఏ మండలంలో ఎవరు పూనుకుంటారో వచ్చే సంచికలోగా రాసి తెలియజేయమని మన సంఘాలన్నిటినీ కోరుతున్నాం.