లెక్కల్లో అందం దండగ కాదు

సంపాదకులకు,

సిలబస్‌కే పీరియడ్లు చాలనప్పుడు లెక్కల్లో అందచందాలేమిటన్న మీ వ్యాసకర్తతో ఏకీభవించలేను. ఒకటి నుంచి వరుస బేసి సంఖ్యల మొత్తం వర్గసంఖ్య అని బోర్డు మీద రాసిస్తే పరీక్షదాకా గుర్తుంటుంది. అదే, ఒక చింతగింజ పెట్టి, దానికి రెండు వైపులా మూలమట్టంలా మూడు, ఆ వెలుపల అయిదు పేర్చమనండి. నలుచదరం పెరగడం చూసి, తర్వాత ఏడు కావాలని పిల్లలే అంటారు. పావుగంట పని.

లెక్కల్లో అందం చూడటం మనకు కొత్తేమీ కాదు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు 139ని 109తో గుణిస్తే 15151 వస్తుందని, ఎటు చదివినా ఒకటే అయిన ఆ లబ్ధాన్ని కంఠహారంగా చూపాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు (ఆయనకు పబ్లిక్ పరీక్షల బెడద లేదనుకోండి!).

వ్యాసకర్త పీరియడ్లు లెక్కగట్టారు సరే, బట్టీపట్టి మరిచినవాళ్లకు మళ్లీ చెప్పే పీరియడ్లను అందులో కలపలేదు.

– ఒక లెక్కల మాస్టారు, తెనాలి