రికార్డుకెక్కని రీడింగులు

పాత విద్యార్థిని ఏదైనా రాయమంటే సాధారణంగా కాంటీను కబుర్లు రాస్తాడు. నేను మాత్రం ఒక తప్పు ఒప్పుకొని, ఆ మిషమీద లాబు రికార్డుల గురించి నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను.

2006లో మా ఫైనలియరు ప్రాజెక్టు రెండు సార్టింగు పద్ధతుల వేగాన్ని పోల్చడం. లాబుకి అప్పుడే రెండు కోర్ల యంత్రం వచ్చింది. 1993 నాటి పెంటియం మొదలు ఆ కోవ ప్రాసెసర్లలో 64 బిట్ల టైం స్టాంపు కౌంటరు ఉంటోంది. ఆర్‌డీటీఎస్‌సీ అనే ఒక్క ఇన్‌స్ట్రక్షనుతో మన ప్రోగ్రామే దాన్ని చదువుకోవచ్చు, కెర్నెల్‌ని బతిమాలనక్కర్లేదు. సార్టుకి ముందొకసారి, తర్వాతొకసారి చదివి తీసివేశాం. వందకి నాలుగైదుసార్లు జవాబు మైనస్ వచ్చింది! అంటే పని మొదలుకాక ముందే పూర్తయిందన్నమాట. "కొట్టేయరా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు మావాడు. కొట్టేశాం. మిగతావాటి సగటు నీటుగా రికార్డులోకెక్కించాం. మార్కులూ బాగానే పడ్డాయి.

జరిగిందేమిటో ఉద్యోగంలో చేరాక గాని బోధపడలేదు. ఆనాటి యంత్రాలు చాలావాటిలో ఏ కోరు కౌంటరు దానిదే. రెండూ ఒకే అంకె మీద నడుస్తాయన్న పూచీ లేదు. కోరు ఖాళీగా కునుకుతీస్తే కొన్నిటిలో దాని కౌంటరు వెనకబడేది. మా ప్రోగ్రాము సగంలో ఉండగా ఆపరేటింగ్ సిస్టం దాన్ని ముందున్న కోరు నుంచి వెనకబడ్డ కోరుకి మార్చింది. అందుకే మైనస్.

సరే, అటునుంచి ఇటు మారితేనో? కాలం ఎక్కువైనట్టు కనిపిస్తుంది, అంతే. దానికి మైనస్ గుర్తుండదు గనుక మేం పట్టుకోలేదు. మేం కొట్టేసినవి దొంగను పట్టించే సాక్షులు. దొంగలు మాత్రం సగటులో దర్జాగా కూర్చున్నారు. ఏ పద్ధతి వేగవంతమని మేం తేల్చామో అది నిజమో కాదో ఈనాటికీ నాకు తెలీదు.

ఇప్పుడా బాధ లేదంటారు కొందరు. చాలావరకు నిజమే. కొత్త ప్రాసెసర్లలో కోరు వేగం మారినా కౌంటరు నడక మారదు. లైనక్స్ అయితే కౌంటర్లు కలిసి నడుస్తున్నాయో లేదో చూసి, నమ్మకం కుదరకపోతే వేరే గడియారం వాడుతుంది. క్లాక్‌గెట్‌టైం ఫంక్షను మామూలుగా కెర్నెల్‌లోకి దిగకుండానే ఈ కౌంటర్ని చదివి, లెక్క సరిచేసి ఇస్తుంది. ఇక నేరుగా చదవాలన్న పంతం దేనికి? అంత అవసరమే పడితే ప్రోగ్రాముని ఒక్క కోరుకి కట్టేసి చదవండి.

లెక్చరర్లకి నా మనవి ఒకటే. రికార్డులో సగటుతోపాటు రీడింగులన్నీ రాయించండి. మైనస్ వచ్చినవాడికి మార్కు కోయకండి. కోస్తారన్న భయంతోనే గదా మేం కొట్టేసింది.