అడవి కాచిన వెన్నెల

'అడవి కాచిన వెన్నెల' అనే నానుడికి తరగతిలో మేము చెబుతూ వచ్చిన అర్థం, అనుభవించేవారు లేక వ్యర్థమైపోయిన శోభ అని. గత రంజాన్ మాసంలో మా పూర్వ విద్యార్థి ఒకడు మమ్ములను చూడవచ్చిన నాటినుండి ఆ నానుడికి మరొక అర్థం మాకు స్ఫురిస్తున్నది. అతడు నల్లమలలో బీట్ అధికారి. పూర్వం ఫారెస్టు గార్డు అని పిలువబడిన ఉద్యోగమే అది. ఇఫ్తార్ ముగిసిన పిదప మాటల సందర్భంలో "ప్రమోషన్ ఎప్పుడయ్యా?" అని అడిగాము. అతడు నవ్వి, "నా వంతు ఎక్కడిది సార్! గార్డుగా చేరి గార్డుగానే రిటైరయినవారిని చూస్తున్నాను. పక్క బీటుకు మనిషి లేడు, అదికూడా నేనే చూస్తున్నాను" అన్నాడు.

ఒకవైపు మనుషులు చాలరు, మరొకవైపు ఉన్నవారికి పైమెట్టు లేదు. ఇవి రెండు సమస్యలుగా కనిపించినా నిజానికి ఒకే వ్యాధికి రెండు లక్షణాలని మా అభిప్రాయం.

అటవీశాఖ నిర్మాణం గోపురం వంటిది. అడుగున బీట్ అధికారి, అతనిపై సెక్షన్ అధికారి, ఆపైన రేంజి అధికారి, ఇంకా పైన డివిజన్, జిల్లా అధికారులు, శిఖరాన ఇండియన్ ఫారెస్ట్ సర్వీసువారు. 1864లో ఆంగ్లేయ ప్రభుత్వం ఈ శాఖను నెలకొల్పినప్పుడు రైలు మార్గాలకు కలప సమకూర్చుట, ఖజానాకు రాబడి చేకూర్చుట ముఖ్యోద్దేశాలుగా ఉండినవి. స్వాతంత్ర్యానంతరం ఆశయాలు మారినవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో పులుల సంరక్షణ పథకం, 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చినవి. చెట్టును లెక్కించిన చేతులే పులి అడుగుజాడను గుర్తించాలి, నిప్పును ఆర్పాలి, నేరస్థుని పట్టుకొని కోర్టులో సాక్ష్యం చెప్పాలి. బాధ్యతలు ఇన్ని విధాల విస్తరించినా అడుగుమెట్టు ఉద్యోగి పైకి ఎక్కే దారి మాత్రం విశాలం కాలేదు.

2017లో తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషన్ అటవీశాఖలో నియామకాలకు ప్రకటన ఇచ్చినది. బీట్ అధికారుల పోస్టులు 1,857. సెక్షన్ అధికారులవి 90. రేంజి అధికారులవి 67. పై పోస్టులు కొన్ని పదోన్నతి ద్వారా కూడా భర్తీ అవుతాయి గనుక ఈ అంకెలే సంపూర్ణ చిత్రమని మేము అనము. అయినప్పటికీ ఒక విషయం విశదమవుతున్నది. ఏళ్ల తరబడి నియామకాలు లేకుండా ఉండి, ఒక్కసారిగా వందల మందిని తీసుకుంటే, వారందరూ ఒకే వరుసలో నిలబడి ఒకేసారి వృద్ధులవుతారు. వరుసలో ముందున్న కొద్దిమందికి మెట్టు దొరుకుతుంది. మిగిలినవారు నిలిచిన చోటనే నిలుస్తారు. చివరకు అందరూ ఇంచుమించు ఒకే కాలంలో పదవీ విరమణ చేసి అడవిని మళ్లీ ఖాళీచేస్తారు. ఏటేటా కొద్దికొద్దిగా నియమించే పద్ధతి ఉన్నట్లయితే ఖాళీలూ తగ్గుతాయి, వరుసా కదులుతుంది.

ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరువదినాలుగు సంవత్సరాలకు వేతన స్థాయి పెంచే పథకం ఉన్నది కదా, ఇక బాధ ఏమిటని కొందరు అడుగవచ్చు. జీతం పెరుగుట వేరు, పదవి పెరుగుట వేరు. కచేరీలో గుమస్తా యాభై ఏళ్లకు కూడా అదే కుర్చీలో కూర్చుండగలడు. అడవిలో యాభై ఏళ్ల మనిషి ఇరువది ఏళ్లనాడు ఎక్కిన గుట్టనే అర్ధరాత్రి ఎక్కవలసి ఉంటుంది. ఆ వయస్సులో అతనికి శక్తి తగ్గుతుంది, అనుభవం పెరుగుతుంది. పదోన్నతి ఆ అనుభవాన్ని పదిమంది చిన్నవారికి నేర్పే స్థానంలో అతనిని కూర్చుండబెడుతుంది. అది లేకపోతే అతని కాళ్లతోపాటు అతని జ్ఞానం కూడా అరిగిపోతుంది.

ప్రాణాపాయం సంగతి చెప్పనక్కర లేదు. రాజమండ్రికి చెందిన అటవీ అధికారి పందిళ్లపల్లి శ్రీనివాస్ 1991 నవంబరులో వీరప్పన్ చేతిలో హతులైనారు. 2019లో కాగజ్‌నగర్ ప్రాంతంలో మొక్కలు నాటించబోయిన ఒక మహిళా రేంజి అధికారిని గుంపు కర్రలతో కొట్టినది. 2022లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజి అధికారి విధి నిర్వహణలోనే ప్రాణాలు కోల్పోయినారు. ఏటా సెప్టెంబరు 11న అటవీ అమరుల దినోత్సవం జరుపుతున్నాము. మరణించినవారికి నివాళి అర్పించుట ఉచితమే. బ్రతికి ఉన్నవానికి తోడుగా రెండవ మనిషిని పంపుట అంతకన్న అవసరం.

నల్లమలలో ఆంధ్రప్రదేశ్ వైపున నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 3,700 చదరపు కిలోమీటర్లకు మించినది. తెలంగాణ వైపున అమ్రాబాద్ 2,600కు మించినది. అక్కడి బేస్ క్యాంపులలో కాపలా కాస్తున్న చెంచులకు అడవి పుట్టిల్లు. బీట్ అధికారి పోస్టుకు ఇంటర్మీడియట్ ఉండాలి గనుక, అడుగుజాడ చూచి పులి ఎటు పోయినదో చెప్పగల చెంచు యువకుడు తాత్కాలిక వాచరుగానే మిగిలిపోతున్నాడు. అంతరించినదని తలచిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ లోకానికి కనబడినది ఒక గ్రామీణుని వేట నైపుణ్యం వల్లనే అనే సంగతిని మనం మరువరాదు. అనుభవానికి కూడా ఒక అర్హతా పరీక్ష పెట్టి వీరికి శాశ్వతోద్యోగంలో ప్రవేశం కల్పించుట న్యాయం.

కాబట్టి మా సూచనలు మూడు: నియామకాలు ఏటా జరగాలి, నిర్ణీత కాలంలో శిక్షణతో కూడిన పదోన్నతి లభించాలి, వన్యప్రాణి సంరక్షణలో ఆరితేరినవానిని కలప డిపోకు బదిలీచేయక ఆ విద్యలోనే పైకి రానివ్వాలి.

ఇక మన కళాశాల మాట. 1930వ దశకం తొలినాళ్లలో నిజాం రాజ్యపు అడవులలో తిరిగి అక్కడి పక్షులను పరిశీలించి గ్రంథస్థం చేసిన సలీం అలీ పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? డాక్టరు, ఇంజనీరు కాకపోతే గల్ఫు అనే ఆలోచన నుండి మన పిల్లలు బయటపడాలి. ఉర్దూ, తెలుగు మాధ్యమాలు రెండింటి విద్యార్థులకూ అటవీ సర్వీసు పరీక్షల శిక్షణ తరగతి ఒకటి వచ్చే విద్యా సంవత్సరంలో ప్రారంభించవలసిందిగా కళాశాల కమిటీవారిని సవినయంగా కోరుతున్నాము. ఉన్న కష్టాలను దాచి పిల్లలను పంపరాదు. తెలిసి చేరినవారే రేపు ఆ శాఖను సంస్కరించగలరు.

వెళ్లబోతూ మా విద్యార్థి, "సార్, మన కాలేజీ నుండి ఇంకొకడు వస్తే బాగుండును. పక్క బీటు ఖాళీయే గదా" అన్నాడు. అడవిని కాచిన ఆ వెన్నెల వ్యర్థం కాకూడదని మా ప్రార్థన.