బొంత ఎవరిదన్నది కాదు ప్రశ్న

ఆలిస్ వాకర్ 1973లో ప్రచురించిన ‘ఎవ్రీడే యూజ్’ కథని పాఠంగా చెప్పినప్పుడల్లా పిల్లల ముందు పెట్టే ప్రశ్న ఒకటే: అసలైన వారసురాలు డీనా, మ్యాగీనా? జవాబూ తయారుగానే ఉంటుంది. పేరు వాంగెరో అని మార్చుకొచ్చి, అమ్మమ్మ పేర్చిన బొంతల్ని గోడకి వేలాడదీస్తానన్న డీ మూలాలు మరిచింది. ఇల్లు తగలబడ్డప్పుడు ఒళ్లు కాలి, బెదురుతూ బతికే మ్యాగీ వాటిని నిలబెట్టింది. ఇంత సులువా?

ఈ జవాబు ఎవరికి పనికొస్తుందో చూడండి. చదువుకున్న పిల్లకి పొగరు, నోరులేని పిల్లకి బహుమానం! ఈ తీర్పు వినడానికి వాకర్‌ని చదవక్కర్లేదు, మన ఇళ్లు చాలు.

కథలో తల్లి చదువు రెండో తరగతితో ఆగింది. 1927లో ఆ బడి మూసేశారు. డీ చదువుకి డబ్బు కూడబెట్టింది ఆ తల్లీ, చర్చీ కలిసే. ఆ చదువునే దోషిగా నిలబెట్టే పాఠం తల్లి కష్టాన్నీ కొట్టిపారేస్తుంది. బొంతని గోడకెక్కించడమే నేరమైతే, స్మిత్సోనియన్‌లో వేలాడుతున్న, పేరు తెలియని నల్లజాతి స్త్రీ బొంత గురించి 1974 వ్యాసంలో వాకరే అంత గౌరవంగా ఎందుకు రాసింది?

డీ తప్పు లేదని కాదు. ఆమె బొంతని చూసింది, కుట్టే చేతుల్ని చూడలేదు. ఆ పని మ్యాగీకి వచ్చు. బొంత చిరిగితే ఇంకోటి కుట్టుకోగలదు. వారసత్వం ఆ పనితనంలో ఉంది.

తరగతిలో అడగాల్సింది ఇదీ: ఒక కూతురికి చదువు, ఇంకో కూతురికి బొంత అన్న ఈ పంపకం ఎవరు చేశారు? ఇద్దరికీ రెండూ ఎందుకు దక్కలేదు?